వెన్నరేకు హంస

తండ్రి ఫైనల్‌కి చేరిన సంగతి మౌనేశ్వరికి ల్యాబు క్యాంటీన్‌లో, ఉప్మా తింటూండగా తెలిసింది.

గోడకున్న టీవీలో ‘రథాల పందెం’ వస్తోంది. పాత కార్లని తెచ్చి, కలలో కూడా చూడని వాహనాలుగా మార్చే పోటీ అది. పన్నెండు మందితో మొదలై ఇద్దరి దగ్గరికి వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరు విజయవాడ ఆటోనగర్‌ టింకరింగ్ మేస్త్రి పోలోజు వీరబ్రహ్మం. వయసు యాభై తొమ్మిది. తుప్పు పట్టిన ఫియట్‌ని వీణలా మలిచి, బానెట్ మీది తీగ మీటితే హారన్ మోగేలా చేసి సెమీఫైనల్ గెలిచాడు. ఓడినవాడి కారుని అక్కడే, స్టేజీ మీదే, క్రషర్‌లో పెట్టి నలిపేశారు. అది ఆ కార్యక్రమం ఆనవాయితీ. జనం సగం చూసేది దానికోసమే.

“మేడం, మీ నాన్నగారేగా?” అన్నాడు ఎదురుగా కూర్చున్న ఎబినేజరు. ల్యాబులో టెక్నీషియన్ అతను. టీ గ్లాసుని ఎడంచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అవును,” అంది మౌనేశ్వరి. ఉప్మా పక్కకి జరిపి గర్వంగా టీవీ వైపే చూసింది.

ఆ సాయంత్రమే డైరెక్టర్ వైకుంఠం గారు ఆమెని తన గదికి పిలిపించారు.

“కూర్చో మౌనేశ్వరీ. శుభవార్త. చానెల్‌వాళ్ళు ఒప్పుకున్నారు. ఫైనల్లో రెండు కార్లూ మన రేకుతోనే చేస్తారు. తండ్రి చేతులు, కూతురి రేకు! దేశమంతా చూస్తుంది. ఏడేళ్ళుగా మనల్ని ఎవరైనా పట్టించుకున్నారా?”

ఏడేళ్ళూ ఆ రేకు మౌనేశ్వరిదే. దానికి ల్యాబులో పెట్టిన పేరు ఏదో అంకెలతో ఉంటుంది గానీ, అందరూ వెన్నరేకు అనే అంటారు. విడిగా ఉంటే మామూలు ఇనపరేకంత గట్టిగా ఉంటుంది. మణికట్లకి రెండు కడియాలు తొడుక్కుని దానిమీద చెయ్యి వేస్తే, చెయ్యి ఎటు కోరితే అటు మెత్తబడి వంగుతుంది. కోరడం ఆపగానే బిగుసుకుంటుంది. సుత్తి అక్కర్లేదు, మంట అక్కర్లేదు. ఆ ఆలోచన ఆమెకి పుట్టింది కూడా ఆటోనగర్‌ షెడ్డులోనే. వేసవి సెలవుల్లో తండ్రికి మజ్జిగ పట్టుకెళ్ళి, రేకు మీద ఆయన పడే శ్రమ చూస్తూ నిలబడినప్పుడు.

“అలాగే సార్,” అంది. తర్వాత, “ఎబినేజరు విషయం...” అని మొదలుపెట్టింది.

“ఒక్కడికి జరిగింది సైన్సు కాదమ్మా, సంఘటన,” అన్నారు వైకుంఠం గారు, ఫోనెత్తుకుంటూ.

*

హైదరాబాదు పొలిమేరలో, చానెల్‌వాళ్ళు కట్టిన పెద్ద రేకుల షెడ్డులో పని మొదలైంది. ఒక మూల వీరబ్రహ్మానికి పాత అంబాసిడరు, ఇంకో మూల నస్రీన్‌కి పాత మారుతీ వ్యాను. పైతొడుగంతా ఊడబీకి ఛాసిస్ మాత్రం మిగిల్చారు.

నస్రీన్‌ది నంద్యాల. ఇరవై నాలుగేళ్ళు. బస్సులకి బాడీలు కట్టే షెడ్డు వాళ్ళది. తండ్రి పోయాక ఆ పిల్లే నడుపుతోంది. తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు ఆ పిల్ల చేతుల మీదే బతుకుతున్నారు. అది ఎవరికీ చెప్పుకోదు. యాంకరు పదేపదే అడిగితే ఒకసారి చెప్పింది, అంతే.

కూతురు కడియాలు తొడుగుతుంటే వీరబ్రహ్మం నవ్వాడు. “ఇదేంటమ్మడూ, పోలీసోళ్ళు బేడీలు వేసినట్టు?”

“రేకు మీద చెయ్యి వెయ్యి నాన్నా. నొక్కొద్దు. ఏం కావాలో చేతికి చెప్పు.”

“చేతికి నేను చెప్పేదేంటే? చెయ్యే నాకు చెబుతది.”

అలవాటుగా అరచేతిని రేకు మీద ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. చేతికింద రేకు నూనెలో పూరీలా పొంగింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ వేశాడు. ఈసారి రేకు ఆయన బొటనవేలి వెంట సాగి, సన్నటి మెడలా పైకి లేచింది. నలభై ఐదేళ్ళు సుత్తితో కొట్టిన మనిషి. వేళ్ళ కణుపులు కాయలు కాచి ఉన్నాయి. ఆ వేళ్ళని కొత్తగా చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“మౌనీ,” అన్నాడు కాసేపటికి, “ఇక్కడ లోపల సన్నగా పగులుంది.”

“ఎలా తెలిసింది?”

“తెలుస్తంది. నా గోరుకింద ముల్లు విరిగినట్టుంది.”

అదీ ఆమె పెట్టిందే. కడియాలు చేతి కోరికని రేకుకి మోసుకెళ్ళడమే కాదు, రేకు స్పర్శని, మనిషి దూరంగా ఉన్నా, చేతికి తిరిగి మోసుకొస్తాయి. లోపలి లోపాలు మేస్త్రికి తగలాలని అలా చేసింది. ఆ స్పర్శ రోజుల తరబడి అందుతూ ఉంటే మెదడు ఏం చేస్తుందో మొదట ఆమెకి తెలియదు. తర్వాత తెలిసింది.

ఆర్నెల్ల కిందట ఎబినేజరు నలభై రోజులపాటు ఒకే రేకు మీద పనిచేశాడు. తర్వాత ఆ రేకు బలం పరీక్షించడానికి దాన్ని రంపంతో కోశారు. అప్పుడు అతని చేతికి కడియాలు కూడా లేవు. పక్కగదిలో రిజిస్టరు రాసుకుంటున్నాడు. కుర్చీలోంచి పడిపోయి కుడిచేతిని పొట్టలో దాచుకుని మెలికలు తిరిగాడు. “కోస్తున్నారు, నా వేళ్ళు కోస్తున్నారు” అని అరిచాడు. నిజానికి ఏ నిమిషాన కోశారో అతనికి తెలియదు. యంత్రం చప్పుడు గోడలోంచి వినబడి ఉంటుంది, అంతే చాలింది. మెదడు ఆ రేకుని ఒంట్లో అవయవంగా లెక్కేసుకుంది. చేతికి కేటాయించిన చోటుని దానికిచ్చేసింది. రేకు పోగానే, ఆ చోటు ఖాళీ అయింది. చెయ్యి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ అతని చూపుడువేలికీ, నడిమివేలికీ స్పర్శ లేదు. వేడి టీ ఒలికి బొబ్బలెక్కితే చూసి తెలుసుకున్నాడు గానీ, తగిలి కాదు.

మౌనేశ్వరి రిపోర్టు రాసింది. అది వైకుంఠం గారి బీరువాలో ఉంది.

*

మూడోవారానికి అంబాసిడరు హంస అయింది. తెల్లగా, పొడవాటి మెడ వెనక్కి తిప్పి, తన వీపుని తానే చూసుకుంటున్నట్టు. రెక్కలు ముడిచి ఉంటే తలుపుల్లా, విప్పితే రెండు పక్కలా ఆరేసి అడుగులు పరుచుకుంటాయి. ఒక్కో ఈక విడిగా కదులుతుంది. అవతల నస్రీన్ వ్యాను తాబేలైంది. డిప్ప మీద పలకపలకకీ పొద్దుతిరుగుడు పువ్వంత చుక్క. ముప్పు అనిపిస్తే తల లోపలికి లాక్కుంటుంది.

మధ్యాహ్నం పూట ఇద్దరూ షెడ్డు మెట్ల మీద కూర్చుని టీ తాగేవాళ్ళు.

“ఏం మేస్త్రీ, మీ హంస కంటే మా తాబేలే ముందు పోతాదేమో,” అనేది నస్రీన్.

“పోనీలే అమ్మా. పోయి ఏ చెరువులో పడుద్దో నేనూ వచ్చి చూస్తా.”

ఒకరోజు లైట్లు కట్టే మనిషి నిచ్చెన పట్టుకెళ్తూ తాబేలు వెనక డిప్పకి గీరాడు. ముప్పై గజాల దూరంలో టీ తాగుతూ అది చూసిన నస్రీన్, చేతులకి కడియాలు లేకపోయినా, “అబ్బా!” అని మోచెయ్యి పట్టుకుంది. తర్వాత తనే నవ్వింది. “చూస్తిరా మేస్త్రీ, నాకు నొప్పైతాంది. ఇది నా బండి కాదు, నేనే.”

వీరబ్రహ్మం నవ్వలేదు. మెట్ల కింద నిలబడ్డ కూతురి మొహంలోకి చూశాడు. మౌనేశ్వరి చూపు తిప్పుకుంది.

ఆ వారంలోనే ఎబినేజరు ఆమెని కలవడానికి షెడ్డుకి వచ్చాడు. “మేడం, ఫైనల్లో ఒక బండి నలుపుతారు. నాది జానెడు రేకు. వీళ్ళది బండంత. చెప్పరా?”

“చెప్తాను.”

“ఎవరికి?”

“చెప్తానన్నాగా, ఎబినేజర్!”

మౌనేశ్వరి ఆ రోజే వైకుంఠం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కోపగించుకోలేదు. అదే వచ్చింది చిక్కు. చాలా మెత్తగా మాట్లాడారు.

“ఇప్పుడు నోరు విప్పితే రేకు పోతుంది, నీ ఏడేళ్ళూ పోతాయి, ల్యాబులో నలభై మంది ఇంటికి పోతారు. విప్పకపోతే? మీ నాన్నగారు గెలుస్తారు, రాసిపెట్టుకో. ఆయన బండి ఎవరూ ముట్టుకోరు. ఫైనల్ అయ్యాక జాగ్రత్తలన్నీ నువ్వు చెప్పినట్టే పెడదాం.”

ఇంటికొచ్చే దారంతా ఆమె ఆ మాటల్నే నెమరేసుకుంది. నాన్న గెలుస్తాడు. నాన్నకేం కాదు. ఆ లెక్కలో నస్రీన్ పేరు రాకుండా జాగ్రత్తగా పక్కకి జరుపుకుంటూ వచ్చింది.

*

ఫైనల్‌కి ముందురోజు, నాలుగింటికి పని ఆపేశారు. షెడ్డు వెనక కుళాయి దగ్గర వీరబ్రహ్మం చేతులు కడుక్కుంటున్నాడు. మౌనేశ్వరి తువ్వాలు పట్టుకుని నిలబడింది.

“నాన్నా, నీకో సంగతి చెప్పాలి.”

“ఎప్పుడు చెబుతావా అని చూస్తన్నా,” అన్నాడు.

అంతా చెప్పింది. ఎబినేజరు వేళ్ళు, రిపోర్టు, బీరువా. ఆయన మధ్యలో అడ్డురాలేదు. కుళాయి కట్టేసి, తువ్వాలు తీసుకుని, ఒక్కో వేలినీ విడిగా తుడుచుకున్నాడు.

“నలపకుండా ఉంటే?”

“కొంచెం కొంచెంగా బండికి దూరం జరుపుతూ పోతే, మూడు నెలల్లో చేతులు మళ్ళీ చేతులవుతాయి. ఒక్కసారిగా తెంపితేనే...”

“మీ ఆఫీసోళ్ళకి తెలుసా?”

“తెలుసు.”

“నీకు?”

ఆమె తల దించుకుంది.

వీరబ్రహ్మం నేరుగా కార్యక్రమం నిర్మాత దగ్గరికి వెళ్ళాడు. కూతురూ వెంట వెళ్ళింది. బండిని నలిపితే చేసినవాళ్ళ చేతులకి దెబ్బ అని చెప్పి, ఈసారికి కారు నలపడం మానెయ్యమని అడిగాడు. నిర్మాత ఆయన భుజం తట్టాడు. “మేస్త్రీ గారూ, మీ బాధ అర్థమైంది. కళాకారుడికి ఉంటుంది. కానీ క్రషర్ లేకపోతే ఫైనల్ ఎవరు చూస్తారు?” అన్నాడు. ఒకరు తప్పుకుంటే ఏమవుతుందని అడిగాడు వీరబ్రహ్మం. తప్పుకోవడం కూడా ఓడిపోవడమే, ఆ బండినే నలుపుతారు, ఒప్పందంలో రాసుందన్నాడు నిర్మాత.

బయటికొచ్చాక వీరబ్రహ్మం నిలబడిపోయాడు.

“అమ్మడూ, ఒక్క కాయితం మీద నువ్వు రాసియ్యి. ఈ రేకు నలిపితే మనిషికి దెబ్బ అని సంతకం పెట్టు. నేను టింకరింగోణ్ణి, నా మాట వినరు. నీ మాట వింటారు.”

“రేపొక్కరోజు ఆగు నాన్నా. నువ్వు గెలుస్తావు. జడ్జీలు కూడా అదే అనుకుంటున్నారు.”

“నేను గెలుస్తా. మరి ఆ పిల్ల?”

దూరంగా నస్రీన్ తాబేలు డిప్ప మీద కూర్చుని ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతోంది. కాళ్ళు ఊపుతూ, పెద్దగా నవ్వుతూ.

మౌనేశ్వరి ఫోను తీసి టైము చూసుకుంది. ఆయన అది చూశాడు. ఆమె మీద చెయ్యెత్తలేదు, మాట తూలలేదు. “సరేలే. అన్నం తిన్నావా?” అని మాత్రం అడిగాడు. ఆ ప్రశ్న ఆమెకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అయినా కాయితం రాయలేదు.

*

ఫైనల్ ఆదివారం పొద్దున పదకొండింటికి ప్రత్యక్ష ప్రసారం. మౌనేశ్వరి తల్లి కామాక్షమ్మ విజయవాడ నుంచి వచ్చింది. కొత్త చీర కట్టుకుని, మొదటి వరసలో కూతురి పక్కన కూర్చుంది. అటుపక్క వైకుంఠం గారు.

హంస స్టేజీ మీదికి వచ్చింది. చూసినవాళ్ళు ఒక్కసారిగా ‘హా’ అన్నారు. పొగలో అది నీళ్ళమీద తేలుతున్నట్టే ఉంది. జడ్జీలు ముగ్గురూ లేచి నిలబడ్డారు.

“అద్భుతం మేస్త్రీ గారూ! ఇక రెక్కలు విప్పండి.”

వీరబ్రహ్మం హంస పక్కన, స్టేజీ చివరున్న జడ్జీల వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“విప్పుకోవట్లేదండి,” అన్నాడు.

“అదేంటి? నిన్న రిహార్సల్లో విప్పుకున్నాయిగా?”

“నిన్న విప్పుకున్నాయండి. ఇవాళ పట్టేశాయి.”

తండ్రి నోట అబద్ధం వినడం మౌనేశ్వరికి అదే మొదలు. ఆయన వెనక్కి కట్టుకున్న గుప్పిట్లో ఏదో ఇనుప ముక్క మెరిసింది. రెక్కల కీలులో ఉండాల్సిన పిన్ను.

తర్వాత తాబేలు వచ్చింది. నస్రీన్ చప్పట్లు కొడితే అది తల లోపలికి లాక్కుంది, మళ్ళీ మెల్లగా బయటపెట్టి ప్రేక్షకుల వైపు చూసింది. పిల్లలు కేరింతలు కొట్టారు. మార్కులు వేశారు. నస్రీన్ గెలిచింది. గెలిచానని తెలియగానే పరుగెత్తుకెళ్ళి వీరబ్రహ్మం కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. ఆయన లేపి, ఆ పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, కాసేపు వదల్లేదు. ఏదో వస్తువు బరువు చూస్తున్నట్టు పట్టుకున్నాడు.

“సార్, ఆపించండి!” మౌనేశ్వరి వైకుంఠం గారి చెయ్యి పట్టుకుంది.

“లైవ్ వెళ్తోంది. కూర్చో.”

“మీరు ఆపుతారా, నన్ను చెప్పమంటారా?”

“ఏం చెప్తావు? ఆర్నెల్లుగా నీకూ తెలుసని చెప్తావా?”

ఆమె లేచి స్టేజీ వైపు పరుగెత్తింది. “ఆపండి! ఆ కారు నలపొద్దు!” అని అరిచింది. ఇద్దరు కాపలావాళ్ళు అడ్డంపడ్డారు. అప్పటికే డప్పులు మొదలయ్యాయి. క్రషర్ దగ్గర లెక్క మొదలైంది. పది, తొమ్మిది, ఎనిమిది అని రెండువేల మంది గొంతు కలిపారు. మౌనేశ్వరి అరుపు ఆ లెక్కలో కలిసిపోయింది. నిన్న ఒక్క కాయితం చాలేది. ఇవాళ గొంతు చిరిగినా చాల్లేదు.

పెద్ద చప్పుడేం రాలేదు. వెన్నరేకు కదా, విరగలేదు, పగల్లేదు. పైనుంచి ఇనుప పలక దిగుతుంటే మెడ వంగింది, వంగి వీపులోకి దిగిపోయింది. ముడిచిన రెక్కలు లోపలికి మడతపడ్డాయి.

వీరబ్రహ్మం అరవలేదు. పంక్తిలో భోజనానికి కూర్చున్నట్టు మెల్లగా కింద కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పడ్డాయి. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే కెమెరా దగ్గరికి వచ్చింది. తన కళాఖండం కోసం కన్నీరు పెట్టిన కళాకారుడు అన్నాడు యాంకరు. ఆ దృశ్యాన్ని వారంరోజులు తిప్పితిప్పి చూపించారు.

మౌనేశ్వరి చేరేసరికి ఆయన పెదాలు కదులుతున్నాయి.

“రెక్క... రెక్క పలక కింద ఉంది. తియ్యి అమ్మడూ.”

*

కాయితం మర్నాడు రాసింది మౌనేశ్వరి. నాలుగు పేజీలు. తనకి ఎప్పటినుంచి తెలుసో తారీఖుతో సహా రాసి, చానెల్‌కీ, ల్యాబుకీ, ప్రభుత్వానికీ పంపింది. ఉద్యోగం వదిలేసింది. వెన్నరేకు వాడకం ఆపేశారు. విచారణ వేశారు. అది నడుస్తోంది.

నస్రీన్ తాబేలుని ఎవరూ ముట్టుకోకుండా మౌనేశ్వరే నంద్యాల చేర్పించింది. వారానికోసారి వెళ్ళి, కడియాలు తొడిగి, ఆ పిల్లని బండికి కొంచెం కొంచెంగా దూరం జరిపింది. మొదటిసారి వెళ్ళినప్పుడే నిజమంతా చెప్పేసింది. నస్రీన్ తాబేలు డిప్పనానుకుని నిలబడింది.

“మేస్త్రి నాకు చెప్పింటే నేనే ఓడిపోతుంటి అక్కా.”

“అందుకే చెప్పలేదు.”

“మరి నువ్వెందుకు చెప్పలేదు?”

నస్రీన్ ఎదురు చూసింది. తర్వాత చేతులు ముందుకి చాపి, “కడియాలు తొడుగు. నాకు పనుంది,” అంది. ఆ తర్వాత ఆమెని ఎప్పుడూ అక్కా అని పిలవలేదు.

విజయవాడలో షెడ్డు మూతపడింది. వీరబ్రహ్మం చేతులు కదులుతాయి, పట్టుకుంటాయి, కానీ ఏం పట్టుకున్నాయో ఆయనకి తెలియదు. చూస్తూ పట్టుకోవాలి. చూపు తిప్పితే గ్లాసు జారిపోతుంది. కామాక్షమ్మే అన్నం కలిపి పెడుతోంది. దానికాయన బాధపడలేదు. బాధంతా రెక్కలది. లేని రెక్కలు మోచేతుల దగ్గర్నుంచి వెనక్కి విరిగి, మీద బండరాయి మోపినట్టు పగలూ రాత్రీ నొక్కుతున్నాయి. వెల్లకిలా పడుకోలేడు. గోడకానుకోలేడు. డాక్టర్లు ఇచ్చిన మాత్రలకి మత్తు వస్తోంది గానీ రెక్కలు మాత్రం విప్పుకోవట్లేదు.

నాలుగోనెల చివర్లో ఒక మధ్యాహ్నం ఎబినేజరు ట్రాలీ ఆటోలో వచ్చాడు. వెనక గోనెపట్టా కప్పిన రేకు ఉంది. ల్యాబు మూసేటప్పుడు మిగిలిన ముక్క, రెండు మంచాలంత ఉంటుంది. మౌనేశ్వరి పంపమంది. కడియాలు ఆమె దగ్గర ఉన్నాయి.

ఆమె తండ్రి మంచం పక్కన కూర్చుంది.

“నాన్నా, ఈసారి దాచకుండా చెప్తాను. ఈ రేకుతో నువ్వు మళ్ళీ రెక్క చేసి విప్పుకుంటే, నొప్పి పోతుంది. ఎబినేజరుకీ వేళ్ళు కోస్తున్నట్టు నొప్పి ఉండేది, ఇలాంటి చిన్న ముక్కతోనే పోయింది. కానీ చేతుల్లో స్పర్శ కొంచెమైనా తిరిగొచ్చే అవకాశం ఉంటే, అది ఇక ఉండదు. నీ మెదడు ఆ చోటుని రెక్కకే ఇచ్చేస్తుంది. తర్వాత ఆ రెక్క పోతే మళ్ళీ ఇదే. నువ్వున్నంత కాలం అది ఉండాలి.”

“తిరిగొస్తాయా చేతులు? నిజం చెప్పు.”

“నూటికి పది పాళ్ళు. సంవత్సరాలు పట్టొచ్చు.”

“పది పాళ్ళుంటే ఎందుకొదులుకోవాలి?” కామాక్షమ్మ వంటింటి గుమ్మంలోంచి అంది. “ఓర్చుకోండి. నేను లేనా? ఎన్నేళ్ళయినా నేను తినిపిస్తా.”

“తినిపిస్తావు కామాక్షీ. నిద్ర కూడా నువ్వే పోతావా నా బదులు?”

ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి వచ్చి ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆ చేతి కాయలన్నీ ఆమెకి తెలుసు. నొక్కింది, నిమిరింది, గోటితో గిచ్చింది. ఆయన ఆమె మొహంలోకే చూస్తూ ఉన్నాడు గానీ చేతివైపు చూడలేదు. గిచ్చినట్టు ఆయనకి తెలియదు.

“తొడుగమ్మా,” అంది కామాక్షమ్మ కూతురితో, చెయ్యి వదిలేస్తూ.

రేకుని పెరట్లో, జామచెట్టు పక్కన నిలబెట్టారు. మౌనేశ్వరి కడియాలు బిగించింది. వీరబ్రహ్మం అరచేతులు రేకు మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత రేకు నలిగింది. స్టేజీ మీద ఎలా నలిగిందో సరిగ్గా అలాగే లోపలికి మడతపడింది. ఆయన పళ్ళ బిగువున మూలిగాడు. ఎబినేజరు ముందుకి కదలబోతే మౌనేశ్వరి ఆపింది. మడత మెల్లగా కదిలింది. ఒక ఈక విడింది. ఇంకోటి. ఒక్కోటీ విడుతుంటే ఆయన భుజం ఒక్కో అంగుళం దిగింది. పావుగంటలో తెల్లటి రెక్క ఒకటి గోడ నుంచి జామచెట్టు దాకా పరుచుకుని నిలబడింది.

“రెండోది?” అని అడిగింది మౌనేశ్వరి.

“దానికి రేకు చాలదుగా. ఒకటి చాల్లే.”

ఆయన్ని నడిపించుకొచ్చి వరండాలో పడుకోబెట్టారు. కడియాలు చేతులకే ఉన్నాయి. ఇకనుంచి అవి చేతులకే ఉంటాయి. నాలుగు నెలల తర్వాత వీరబ్రహ్మం వెల్లకిలా పడుకున్నాడు. ఎబినేజరు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కామాక్షమ్మ మంచం కోడు దగ్గర కూర్చుని, అలవాటుకొద్దీ ఆయన అరచెయ్యి నిమురుతోంది. మౌనేశ్వరి గుమ్మానికానుకుని పెరట్లోకి చూస్తోంది. ఆ రెక్కని ఎండ నుంచి, దొంగల నుంచి, పక్కింటివాళ్ళ నుంచి, కాలం నుంచి ఎలా కాపాడాలా అని ఆలోచిస్తోంది. తన తర్వాత ఎవరు కాపాడతారో తెలియదు. తను మాత్రం ఇంకెక్కడికీ వెళ్ళదు.

సాయంత్రం కావస్తుండగా మబ్బు పట్టింది.

“తడుస్తన్నా,” అన్నాడు వీరబ్రహ్మం కళ్ళు మూసుకునే.

కామాక్షమ్మ పైకి చూసింది. వరండా కప్పుకి చిల్లులేం లేవు. అప్పుడు జామాకుల మీద చినుకుల చప్పుడు వినబడింది.

మౌనేశ్వరి గబగబా గోనెపట్టా అందుకుని పెరట్లోకి దిగబోయింది.

“వద్దమ్మడూ, ఉండనీ. చల్లగా ఉంది,” అన్నాడు.

కామాక్షమ్మ చెయ్యి ఆయన అరచేతిలోనే ఉంది. ఆయన వాన వైపు మొహం తిప్పుకుని నిద్రపోయాడు.